ఉప్పునీటి తొట్టెలో పిలవని చుట్టాలు

"సార్, మేము కొన్నవి రెండే చేపలు. నిన్న రాత్రి లెక్కపెడితే తొట్టెలో పదకొండు రకాల ప్రాణులున్నాయి. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఆమధ్య నన్నడిగిన ప్రశ్న ఇది. వాళ్ళు ఉండేది నల్లగండ్లలో, ఒక పెద్ద భవనం తొమ్మిదో అంతస్తులో. నల్లగండ్ల అంటే ఒకప్పుడు చెరువూ, పొలాలూ, గుండురాళ్ళూ ఉన్న పల్లె. ఇప్పుడక్కడ కంప్యూటరు ఉద్యోగుల ఇళ్ళు ఆకాశాన్ని తాకుతున్నాయి. అక్కణ్ణుంచి సముద్రం రెండు వందల యాభై కిలోమీటర్లకు పైమాటే. అటువంటి చోట సముద్రపు పురుగులు తొమ్మిదో అంతస్తుకు ఎలా ఎక్కి వచ్చాయి? చూడవలసిందే అనిపించింది. ఆ ఆదివారం రాత్రి టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. ఎర్ర కాగితం ఎందుకంటారా? వెన్నెముక లేని జలచరాలు చాలావాటికి ఎర్ర వెలుతురు సరిగా కనబడదు. తెల్లని వెలుతురు పడితే చప్పున కన్నాలలోకి దూరిపోతాయి.

వాళ్ళ తొట్టె రెండు వందల లీటర్లది. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయని మీరు చదివే ఉంటారు. ఆ లెక్కన ఈ తొట్టెకు ఏడు కిలోల ఉప్పు కావాలి. వంట ఉప్పు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం వంటివన్నీ తగు పాళ్ళలో కలిపిన ఉప్పు పొట్లాలు అంగళ్ళలో దొరుకుతాయి. నీరు శుద్ధి చేసిన నీరు, ఉప్పు పొట్లంలోది, ఇసుక కడిగి ఆరబెట్టినది. ఈ మూడింటిలోనూ ప్రాణమున్నదేదీ లేదు.

"అయితే వాటంతట అవే పుట్టాయేమో! మురుగులో పురుగులు పుట్టవూ?" అన్నారు ఆ పిల్లవాడి నానమ్మగారు.

ఆమె మాటకు నవ్వకండి. రెండువేల ఏళ్ళపాటు మహామహా పండితులు కూడా అలాగే అనుకున్నారు. 1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడీ మాంసం మీద పలుచని గుడ్డ కప్పి, ఈగలు వాలకపోతే పురుగులు పుట్టవని చూపాడు. ఆ తరువాత దాదాపు రెండు వందల ఏళ్ళకు లూయీ పాశ్చర్ సూక్ష్మజీవుల విషయంలోనూ ఆ వాదానికి తెరదించాడు. జీవి నుంచే జీవి పుడుతుంది. కనుక ఆ తొట్టెలోని ప్రతి ప్రాణీ ఏదో ఒక దారిన, ఏదో ఒకదాన్ని పట్టుకొని వచ్చి ఉండాలి. ఆ దారి ఏది?

"ఈ రాయి ఎవరిచ్చారు?" అని అడిగాను. తొట్టె నడుమ పిడికిలంత రాళ్ళు నాలుగు పేర్చి ఉన్నాయి. మూడు కొత్తవి, సిమెంటులాంటి పదార్థంతో చేసినవి. నాలుగోది మాత్రం గులాబి రంగు మచ్చలతో పాతదిలా ఉంది. వాళ్ళ నాన్నగారి మిత్రుడొకరు తన పాత తొట్టెలోంచి తీసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చారట. దొంగ దొరికాడు!

పాత రాయిని అడిగి తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు, దానికో మంచి కారణముంది. చేపల విసర్జనలలో అమ్మోనియా ఉంటుంది. అది చేపలకే విషం. కొత్త తొట్టెలో దాన్ని విరగ్గొట్టే నాథుడుండడు. ఒక రకం బాక్టీరియా వచ్చి అమ్మోనియాను నైట్రైటుగా మార్చాలి, మరో రకం వచ్చి ఆ నైట్రైటును అంత ప్రమాదం లేని నైట్రేటుగా మార్చాలి. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళ పాఠంలో మీరు చదివిన నత్రజని వలయంలోని ముక్కే ఇది. ఈ బాక్టీరియా తొట్టెలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత రాయి వేస్తే త్వరగా జరుగుతుంది. పెరుగు తోడువేసినట్లే అన్నమాట. అయితే తోడు వేసే పెరుగులో ఏమేమి ఉన్నాయో మనం చూడం గదా!

మన నల్లగండ్ల గుండురాయి గ్రానైటు. దాని మీద నీటిచుక్క వేస్తే జారిపోతుంది. సముద్రపు పగడపు దిబ్బల రాయి అలాంటిది కాదు. అది సున్నపురాయి, లోపలంతా జల్లెడలా కన్నాలే. ఒక్కొక్క కన్నంలో ఒక్కొక్క కాపురం. ఇంకొక సంగతి. మన దేశంలో సముద్రం నుంచి గట్టి పగడాలను తీయడం, అమ్మడం నేరం. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానంగా రక్షణ పొందుతున్నాయి. ఎవరైనా "అసలైన పగడపు రాయి" అని అమ్మజూపితే కొనకండి.

దీపాలార్పి ఎర్ర టార్చి వేశాము. అద్దం మీద తెల్లని నలుసులు కుదుపు కుదుపుగా పరుగెత్తుతున్నాయి. అవి కోపీపాడ్‌లు. నారికురుపు వ్యాధి పాఠంలో సైక్లాప్స్ పేరు వినే ఉంటారు, దాని బంధువులే. (నారి పురుగు సైక్లాప్స్ పొట్టలో దాక్కుని మనిషిలోకి వచ్చేది. అదీ పిలవని చుట్టమే. 2000 నాటికి మన దేశం ఆ చుట్టాన్ని వెళ్ళగొట్టింది.) రాతి అడుగున రొయ్యపిల్లల్లా వంగిన ఆంఫిపాడ్‌లు ఉన్నాయి. అద్దం మూలల్లో ఆవగింజంత తెల్లని చుట్టలు కనబడ్డాయి. ముట్టుకుంటే గట్టిగా ఉన్నాయి. అవి నత్తలు కావు, సున్నపు గొట్టాలు కట్టుకొని అందులో కూర్చుని నీటిని వడకట్టి తినే పురుగులు. ఒక కన్నంలోంచి సన్నని దారాల్లాంటి చేతులు బయటికి వచ్చి ఊగుతున్నాయి. అది పెళుసు నక్షత్రం, సముద్ర నక్షత్రానికి దగ్గరి చుట్టం. ఇవన్నీ చేపలు వదిలేసిన మెతుకులు ఏరుకు తినే సాధుజీవులు. పైగా కోపీపాడ్‌లు చేపలకు ఆహారం కూడా.

ఇంతలో నానమ్మగారు కెవ్వున అరిచారు. రాతి కింద నుంచి జానెడు పొడవున గొంగళిపురుగు లాంటిదొకటి పాకుతూ వచ్చి, చేప వదిలిన తిండిముక్కను నోట కరచుకొని వెనక్కి పోయింది. ఒంటి నిండా ఖండితాలు, ఒక్కొక్క ఖండితానికి రెండు పక్కలా తెల్లని ముళ్ళ కుచ్చులు. వానపాములాగే ఇదీ అనెలిడా వర్గానిదే. ముళ్ళ కుచ్చులు ఉన్నందువల్ల బహుశూక పురుగు అంటారు. చేతితో పట్టుకుంటే ఆ ముళ్ళు గొంగళి నూగులా గుచ్చుకొని మండుతాయి. ముట్టుకోకుండా ఉంటే దాని వల్ల మనకు వచ్చే నష్టమేమీ లేదు. మిగిలిపోయిన తిండి కుళ్ళి అమ్మోనియా పెరగకుండా తినిపెట్టే పాకీవాడు అది. "చంపకండమ్మా, జీతం లేని పనివాడు" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

అన్ని పురుగులూ ఇంత సాధువులని నేననను. 2009లో ఇంగ్లండులో న్యూకీ అనే ఊళ్ళోని బ్లూ రీఫ్ ఆక్వేరియంలో ఒక వింత జరిగింది. తొట్టెలో పగడాలు రాత్రికి రాత్రి కొరికినట్లు తెగిపోతున్నాయి. ఒక చేపకు గాయమైంది. ఎరలు పెట్టారు, బోనులు పెట్టారు, దొంగ చిక్కలేదు. చివరికి రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా తీసి చూస్తే నాలుగడుగుల పొడవున్న, పదునైన దవడలున్న పురుగు దొరికింది. ఎప్పుడో రాతితోపాటు వేలెడంత పిల్లగా వచ్చి, ఎవరి కంటా పడకుండా అక్కడే పెరిగిందని అనుకున్నారు. దానికి బారీ అని పేరు కూడా పెట్టారు. అదీ మన పురుగూ ఒకే తరగతివి. అందుకే చూసినవెంటనే మంచిదనో చెడ్డదనో అనకుండా, ఏం తింటున్నదో కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలి.

ఇక అసలు కథకు వస్తాను. ఇందులో తప్పు నాదే.

రాతి పైన ఒక మూల గోధుమ రంగులో చిన్న పువ్వు విచ్చుకొని ఉంది. అంగుళం కూడా లేదు. గాజులా పారదర్శకమైన కాడ, చుట్టూ పొడవాటి స్పర్శకాలు. సముద్రపుష్పం! పాఠ్యపుస్తకంలో హైడ్రా పక్కనే దీని బొమ్మ ఉంటుంది. దీని పేరు ఐప్టేసియా. దీని స్పర్శకాల నిండా దంశకణాలుంటాయి. పక్కనున్న జీవులను అవి కుట్టి బాధిస్తాయి. దీని ఒంట్లో ఒక రకమైన సూక్ష్మ శైవలాలు కాపురముండి, ఎండలో పిండిపదార్థం చేసి ఇల్లుగలావిడకు అద్దె చెల్లిస్తాయి. పగడాలలోనూ ఇదే సహజీవనం. అందువల్లనే శాస్త్రజ్ఞులు పగడాల జబ్బులు అర్థం చేసుకోవడానికి ఐప్టేసియాను ప్రయోగశాలల్లో పెంచుతారు. ఇంటి తొట్టెలో మాత్రం ఇది పెద్ద బెడద.

"ఇది మంచిది కాదు, చాకుతో గీకెయ్యండి" అన్నాను వాళ్ళ నాన్నగారితో. ఆయన గీకేశారు. నేను టీ తాగి ఇంటికి వచ్చాను.

మూడు వారాల తరువాత ఆ పిల్లవాడు నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, పదిహేడు" అన్నాడు. ఒకటి ఉన్నచోట పదిహేడు పువ్వులు!

హైడ్రాను ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క హైడ్రా అవుతుందని పాతికేళ్ళుగా నల్లబల్ల మీద బొమ్మ వేసి చెబుతున్న వాణ్ణి నేను. ఐప్టేసియా అంతకన్నా గట్టి పిండం. అది రాతి మీద జరుగుతూ పోయేటప్పుడు పాదం నుంచి చిన్న చిన్న ముక్కలు వెనుక వదిలేస్తుంది. ఆ ముక్క ఒక్కొక్కటీ కొన్నాళ్ళకు నోరూ స్పర్శకాలూ మొలిపించుకొని కొత్త పువ్వవుతుంది. దాన్ని గీకడమంటే విత్తనాలు చల్లడమే. పాఠం చెప్పడం వేరు, తొట్టె ముందు నిలబడినప్పుడు ఆ పాఠం గుర్తుకు రావడం వేరు. ఈ సంగతి ఆ పిల్లవాడి ముందు ఒప్పుకున్నాను.

ఈ పదిహేడింటినీ చూసి వాళ్ళింట్లో విసుగెత్తిపోయారు. "రాయి తీసి మరుగుతున్న నీళ్ళలో వేస్తే అన్నీ చస్తాయి, పీడా పోతుంది" అన్నారట నానమ్మగారు. పాలసీసాలు ఉడకబెట్టినట్లే గదా అని ఎవరికైనా తోస్తుంది. అదృష్టవశాత్తు ఆ పిల్లవాడు ముందుగా నాకు ఫోను చేశాడు. "గ్యాసు పొయ్యి వెలిగించవద్దని చెప్పు, నేను వస్తున్నా" అన్నాను.

ఎందుకంత కంగారు? ఆ రాతి అంచున గోధుమ రంగు గుండీల్లాంటివి నాలుగైదు గుంపుగా ఉండడం మొదటిరోజే చూశాను. అవి జోయాంథిడ్‌లు అనే జీవులు. వీటిలో కొన్ని జాతులలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. 1971లో దీన్ని మొదటిసారి శుద్ధరూపంలో వేరుచేశారు. మన కణాల పొరలో సోడియం, పొటాషియం అయాన్లను లోపలికీ బయటికీ తోసే పంపు ఒకటి ఉంటుంది. ఈ విషం ఆ పంపును ఎప్పుడూ తెరిచి ఉన్న కిటికీలా మార్చేస్తుంది. కణం తన ఉప్పుల లెక్క తప్పి చెడిపోతుంది. రాయిని ఉడకబెట్టినా, బిరుసు బ్రష్షుతో రుద్దినా ఆ విషం ఆవిరితోనూ తుంపరలతోనూ గాలిలో కలిసి ఊపిరితిత్తులలోకి పోతుంది. 2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ అనే గ్రామంలో ఆక్వేరియం పగడం నుంచి వెలువడిన ఇలాంటి విషం వల్ల ఒక కుటుంబమూ, వాళ్ళకు సాయపడడానికి వెళ్ళినవారూ ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఇంటి రాతి మీది గుండీలు విషం ఉన్న జాతో కాదో చూపుతో తేల్చడం నా వల్ల కాదు. కాబట్టి ఉండే ఉంటుందని అనుకోవడమే క్షేమం. తొట్టెలోని రాయిని ఎన్నడూ ఉడకబెట్టకూడదు. పుండ్లు, గీతలు ఉన్న చేతులతో ముట్టకూడదు. తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

మరి పదిహేడు పువ్వులను ఏం చేశారు? వాళ్ళ నాన్నగారు సున్నపు ముద్దను నీళ్ళతో జారుగా కలిపి, పంపు ఆపి, సిరంజితో ఒక్కొక్కదాని నోటిమీద చుక్క చొప్పున వేశారు. సున్నం గాఢమైన క్షారం కనుక ఆ జీవి ముక్కలు వదిలే వ్యవధి లేకుండా అక్కడికక్కడే చస్తుంది. ఒకే రోజు నాలుగైదింటికి మించి చేయరాదు, నీటి క్షారత పెరిగి చేపలకు ముప్పు. ఇది పిల్లలు చేసే పని కాదు. ఐప్టేసియాను ఇష్టంగా తినే చిన్న రొయ్యలు కూడా ఉన్నాయి. ఆ మిత్రుడి దగ్గర అవి ఉన్నాయట, రెండు ఇస్తానన్నాడు. ఈసారి రొయ్యను తెచ్చేటప్పుడు అది వచ్చిన నీళ్ళు తొట్టెలో పోయవద్దని చెప్పాను. నీటిలో డింభకాలు ఉండవచ్చు గదా.

ఒక గాజు తొట్టెలోనే ఇంత రభస అయితే, ఇదే సముద్రంలో జరిగితే? జరిగింది. అదీ మన తెలుగు తీరంలోనే.

1967 ప్రాంతంలో విశాఖపట్నం నౌకాశ్రయంలో ఓడల అడుగున, గట్టు గోడలకు అంతకు ముందెన్నడూ చూడని చిన్న ఆల్చిప్ప ఒకటి గుత్తులు గుత్తులుగా పట్టుకొని కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులు పి. ఎన్. గణపతి గారు, ఆయన సహచరులు దాన్ని పరిశీలించి 1971లో వివరాలు ప్రకటించారు. అప్పట్లో దాని పేరు కాంజీరియా సల్లీ, ఇప్పుడు మైటిలాప్సిస్ సల్లీ అంటున్నారు. దాని పుట్టిల్లు అట్లాంటిక్ అవతల కరీబియన్ తీరాలు. అక్కణ్ణుంచి విశాఖకు టిక్కెట్టు లేకుండా ఓడల మీద వచ్చిందన్నమాట. పొడవు అంగుళానికి మించదు. సన్నని దారాలతో గట్టిగా అంటుకుంటుంది. పుట్టిన నెల రోజులకే పిల్లలను కనగలదు. ఉప్పునీరైనా, దాదాపు మంచినీరైనా తట్టుకుంటుంది. కొన్నేళ్ళలో బొంబాయి రేవులోనూ కనబడింది. ఓడ అడుగున ఇవి గుబురుగా పెరిగితే ఓడ బరువెక్కి ఇంధనం ఎక్కువ తాగుతుంది, నీటి గొట్టాలు పూడిపోతాయి, స్థానికమైన నత్తలకూ ఆల్చిప్పలకూ నిలువ నీడ ఉండదు. విశాఖలో ఇది స్థిరపడిపోయింది, ఇక తీసివేయడం సాధ్యం కాలేదు.

ఇదే ఆల్చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో కనబడింది. అక్కడ పడవలు నిలిపే కొన్ని మడుగులకు సముద్రం వైపు తలుపులున్నాయి. చదరపు మీటరుకు ఇరవై వేలకు పైగా ఉన్నాయని తేలగానే వాళ్ళు ఆ తలుపులు మూసి, లోపలి నీటిలో బ్లీచింగు ద్రావణం, మైలుతుత్తం కుమ్మరించారు. మడుగులోని చేపలూ నాచూ సహా సమస్తం చచ్చింది. వందలకొద్దీ పడవల అడుగులు వెతికారు. కొన్ని వారాలలో ఆ జీవి అక్కడ లేకుండా పోయింది. తలుపులు లేని రేవు అయి ఉంటే అది కుదిరేది కాదు, విశాఖలాగే ఊరుకోవలసి వచ్చేది.

ఇక్కడొక తమాషా ఉన్నది. ఆ రేవుకు డార్విన్ అన్న పేరు 1839లో బీగిల్ నౌక అక్కడికి వెళ్ళినప్పుడు, ఆ నౌకలో పూర్వం ప్రయాణించిన చార్లెస్ డార్విన్ మీద గౌరవంతో పెట్టారు. జీవులు ఒకదాన్ని పట్టుకొని మరొక చోటికి ఎలా పోతాయో ప్రయోగం చేసి చూసినవాడు ఆయనే! మంచినీటి నత్తల గుడ్లు పొదుగుతున్న ఒక ఆక్వేరియంలో ఆయన బాతు పాదాలను వేలాడదీశాడు. చిన్న నత్తపిల్లలు వాటిని గట్టిగా పట్టుకున్నాయి. పాదాలను బయటికి తీస్తే, తడిగాలిలో పన్నెండు నుంచి ఇరవై గంటలు బతికి ఉన్నాయి. అంతసేపట్లో బాతు ఎగిరి ఎన్ని వందల మైళ్ళు పోగలదో ఆయన లెక్క వేశాడు. నల్లగండ్ల చెరువు గట్టున వాలిన కొంగ కాలికి అంటిన బురదలో ఏముందో ఈసారి వెళ్ళినప్పుడు ఆలోచించండి.

బాతు చేసే పనికి లక్షల ఏళ్ళ చరిత్ర ఉంది. మనం చేసే పని మాత్రం వేగంగా, దూరంగా, అడ్డూ ఆపూ లేకుండా సాగుతున్నది. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కిటికీల కింద ఒక చదరపు మీటరు మేర కనబడిన కాలెర్పా అనే ఆకుపచ్చ నాచు, ఆ మ్యూజియం తొట్టెలలోనిదే. కొన్నేళ్ళకు అది మైళ్ళ కొద్దీ సముద్రపు అడుగును కప్పివేసింది.

ఇప్పుడు మా పిల్లవాడి ఇంటి సంగతి. పదిహేను రోజులకోసారి ఇరవై లీటర్ల పాత నీరు తీసి కొత్త నీరు పోస్తారు. "ఈ నీళ్ళు వృథా ఎందుకు, కింద చెరువులో పోయిద్దామా?" అని వాళ్ళమ్మగారు అడిగారు. ఉప్పునీటి జీవులు మంచినీటి చెరువులో బతకవు, అది నిజమే. కానీ ఏది తట్టుకుంటుందో ముందే చెప్పగలమా? విశాఖ ఆల్చిప్ప తట్టుకుంటుందని చెప్పాను గదా. పైగా అలవాటు ఒక్కచోట ఆగదు. మంచినీటి ఆక్వేరియంలో అద్దాలకు అంటుకొని నాచు గీకే దక్షిణ అమెరికా చేపను పెద్దదయిందని కొందరు చెరువుల్లో వదిలారు. ఇప్పుడు గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువులలో రైతులు దాన్ని దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. దాని ముళ్ళకు వలలు చిరుగుతాయి, దాన్ని కొనేవాడు లేడు.

వాళ్ళిప్పుడు పాత నీటిలో బ్లీచింగు పొడి కలిపి, ఒక రోజు మూతపెట్టి ఉంచి, మరుగుదొడ్డిలో పోస్తున్నారు. ఆ పిల్లవాడి నోటుపుస్తకంలో పోయిన శనివారం నాటి పేజీలో ఇలా ఉంది: సముద్రపుష్పాలు 3, పెళుసు నక్షత్రాలు 2, చుట్ట పురుగులు లెక్కకు అందలేదు, ముళ్ళపురుగు కనబడలేదు. దాని కింద వేరే దస్తూరీతో ఒక వాక్యం ఉంది. అది నానమ్మగారిదట: "రాత్రి పదిన్నరకు కనబడింది. తిండి వేశాను."